వానంటే భయపడే చిన్నాయన

మా చిన్నాయన పోయిన సంగతి నాకు లారీ డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో తెలిసింది.

ఆ గ్రూపులో నన్ను చేర్చింది ఆయనే. పెళ్లయి మచిలీపట్నం వచ్చేసి ఇన్నేళ్లయినా, మా ఫ్యాక్టరీ నుంచి ఏ లారీ ఎప్పుడు కదిలిందో నాకు తెలుస్తూ ఉండాలని ఆయన పట్టుదల. మొన్న ఒక పొద్దున ఆయన కొడుకు, అంటే నాకు తమ్ముడు, బంధువుల గ్రూపు అనుకుని డ్రైవర్ల గ్రూపులో పెట్టేశాడు: "నాయన పొద్దున్నే పోయినాడు." దాని కింద ఒక డ్రైవరు వెంటనే అడిగాడు: "యాడికి పోయినాడన్నా? మన లోడు ఈ దినం ఉండాదా, లేదా?" ఇంకొకతను బొటనవేలు గుర్తు పెట్టాడు. కాసేపటికి ఎవరికో అసలు సంగతి అర్థమైంది. ఆ తర్వాత వరుసగా దండాల గుర్తులే.

ఫోను చేతిలో పట్టుకుని నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో మా ఆయనకు తెలియలేదు. నాకూ తెలియలేదు. చిన్నాయనే ఉండి ఉంటే, దండాలు పెట్టిన వాళ్లందరినీ పక్కనబెట్టి ముందు ఆ డ్రైవరుకు జవాబు చెప్పేవాడు: "లోడు ఉండాది, పోప్పా" అని.

మాది అనంతపురం జిల్లాలో, బెళుగుప్పకు కాస్త దూరంలో ఒక ఊరు. మా తాత సున్నపు బట్టీ పెట్టుకుని బతికినవాడు. చుట్టుపక్కల ఊళ్లలో గోడలు తెల్లగా ఉన్నాయంటే అది ఆయన చలవే. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడైన మా నాయన బడిపంతులయ్యాడు. చిన్నవాడు అనంతపురంలో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ప్రయత్నంలో గట్టెక్కి, ఇంటికి రాగానే, "నాయనా, ఇంగ సున్నం కాల్చింది సాలు. ఈ రాయిమీద యాసిడ్ పోస్తే వేరే సరుకొస్తాది" అన్నాడట.

పెరట్లో సిమెంటు తొట్టి కట్టించి, సున్నపురాయి ముక్కలు వేసి, యాసిడ్ పోశాడు. తొట్టంతా బుసబుసమని పొంగింది. తాత దూరం నుంచే చూసి, "రాయికి కూడా కడుపుబ్బరం వస్తాదేమిరా" అన్నాడట. ఆ నీళ్లను వడగట్టి, బాగా కాచితే అడుగున తెల్లటి సరుకు మిగిలింది. కాల్షియం క్లోరైడ్ అనే ఒక రకం ఉప్పు. ఐసు ఫ్యాక్టరీలకు, చమురు బావులు తవ్వేవాళ్లకు, దుమ్ము రేగే గనుల రోడ్లకు కావలసిన సరుకు. దానికున్న గుణమల్లా ఒకటే. గాలిలో తేమ ఎక్కడున్నా లాక్కుంటుంది. లాక్కుని లాక్కుని చివరికి తానే నీళ్లయిపోతుంది.

ఆ గుణం మా వాళ్లకు మొదటి వారమే తెలిసొచ్చింది. తొలిసారి తయారైన సరుకును గోనెసంచిలో కట్టి, గౌరవంగా దేవుని గదిలో పెట్టారు. ఎన్నడూ లేనిది నాలుగు దినాలు ముసురు పట్టింది. ఐదో దినం అవ్వ దీపం పెట్టడానికి పోతే సంచి ఖాళీ, గదినిండా నీళ్లు. "మీ సరుకు దేవునికి నచ్చల్యా" అని అవ్వ తీర్పు చెప్పింది. అయినా కంపెనీకి ఆమె పేరే పెట్టి, చివర కెమికల్స్ అని తగిలించారు. అవ్వకు ఆ కెమికల్స్ అనే మాట చివరిదాకా పలకడం రాలేదు. "నా పేరు మిక్సులు" అనేది.

అలా, జిల్లా అంతా వానకోసం ఆకాశంకేసి చూస్తుంటే, వాన వస్తుందేమోనని ఆకాశంకేసి చూసే కుటుంబం మాదొక్కటే అయింది.

పూర్తిగా అలా అనడానికీ లేదు. ఫ్యాక్టరీ గోడను ఆనుకుని మాకు మూడెకరాల చేను ఉండేది. అందులో వేరుశనగ వేసేవాళ్లం. కాబట్టి చిన్నాయన ఎడమ కన్ను మబ్బును రమ్మనేది, కుడి కన్ను పొమ్మనేది. ఇంట్లో చిన్నమ్మ చేను తరపున వానకోసం పూజ చేస్తుంటే, ఈయన గోదాము తరపున గడపలోనే నిలబడి దండం పెట్టి పోయేవాడు. "ఒకే ఇంట్లోంచి రెండు దరఖాస్తులు పోతే ఆయప్ప మాత్రం ఏం చేస్తాడు పాపా? ఫైలు పక్కన పెట్టేస్తాడు" అనేవాడు నాతో. మా జిల్లాలో వానలు ఎందుకు లేవో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

డిగ్రీ అయ్యాక నేను ఆ ఫ్యాక్టరీ లాబ్‌లో ఆరేళ్లు పనిచేశాను. ఇంటర్వ్యూ కూడా జరిగింది. అన్న కూతురినని వదిలిపెట్టలేదు. ఆయన ఎవరి మార్కులూ చూడడు, కరచాలనం చేస్తాడు. అరచేతిలో చెమట తగిలిందా, ఆ మనిషికి ప్యాకింగులో పని లేదు. నా చెయ్యి పట్టుకుని ఒక నిమిషం ఆలోచించి, "మీ నాయన చెయ్యి మాదిరే, ఎండుకట్టె. రేపట్నుంచి రా" అన్నాడు. నా జీవితంలో నాకు దొరికిన మొదటి మెచ్చుకోలు అది.

ఆయన టేబులు మీద ఒక స్టీలు ప్లేటులో గుప్పెడు సరుకు ఎప్పుడూ ఉండేది. పొద్దున రాగానే దాన్ని వేలితో తాకి చూసేవాడు. పొడిగా ఉంటే అందరితో ప్రేమగా మాట్లాడేవాడు. చెమ్మగా తగిలితే ఆ రోజు ఆయన జోలికి ఎవరూ పోయేవాళ్లు కాదు. నీళ్ల గ్లాసు టేబులు మీద పెట్టేముందు అడుగు తుడిచి పెట్టాలి. గోదాములోకి పోయేముందు కాళ్లు కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ ఒకసారి తుడుచుకుని పోవాలి. పెళ్లిళ్లకు పోతే కొత్త దంపతులకు అక్షింతలు వేసి, "పొడిగా ఉండండి నాయనా" అని దీవించేవాడు. మా ఊళ్లో వాళ్లకు అది అలవాటే. బయటినుంచి వచ్చిన వియ్యపువాళ్లు మాత్రం ఒకరి ముఖాలు ఒకరు చూసుకునేవాళ్లు.

ఇక ఆ వాన సంగతి చెప్పాలి. చిన్నాయనను తలచుకుంటే మా ఊళ్లో ఎవరైనా ముందు అదే చెబుతారు.

ఆ ఏడు జూన్ దాటి జూలై వచ్చినా చినుకు లేదు. విత్తనం కాయలు వలిచి ఇళ్లలో పెట్టుకుని జనం కూర్చున్నారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, మా ఫ్యాక్టరీ పొగకు మబ్బులు చెదిరిపోతున్నాయని ఊళ్లో మాట పుట్టింది. ఒక పొద్దున గేటు దగ్గరికి గుంపుగా వచ్చారు. ముందు నిలబడింది ఎర్రిస్వామి. మా ఫ్యాక్టరీ గోడకు పల్లంలో, అవతలి పక్క ఉన్న నాలుగెకరాల రైతు. గుంపులో సగం మంది మా దగ్గర పనిచేసేవాళ్లే. నిరసన మధ్యలో సైరను మోగితే, షిఫ్టు టైమైందని లోపలికి వచ్చి పనిలో చేరిపోయినవాళ్లు కూడా ఉన్నారు.

"ఏమప్పా ఎర్రిస్వామీ, ఇంతమంది వచ్చినారు? రాండి, కాఫీ తాగుదాం" అన్నాడు చిన్నాయన.

"కాఫీ వద్దన్నా. నీ పొగకు మోడాలు బెదిరి పోతాండాయి. ఫ్యాక్టరీ ఆపు."

"పొగకు బెదిరేదానికి మోడాలేమన్నా గొర్రెలాప్పా?"

గుంపులో కొందరు నవ్వారు. అక్కడితో ఆపి ఉంటే అందరూ కాఫీ తాగి ఇళ్లకు పోయేవాళ్లే. కానీ చిన్నాయనకు సైన్సు మీద నమ్మకం. లోపలికి పోయి టేబులు మీది స్టీలు ప్లేటు తెచ్చాడు.

"చూడండి. పొద్దున పెట్టినప్పుడు పొడిగా ఉండె. ఇప్పుడు చెమ్మ తగల్తాందా? మన సరుకు గాలిలో నీళ్లను తనకాడికి పిలుసుకుంటాది. తరిమేది కాదు. అర్థమైందా?"

ఎర్రిస్వామి ప్లేటులోకి వంగి చూశాడు. వేలు పెట్టి తాకాడు. తడి వేలు పైకెత్తి గుంపుకు చూపించాడు.

"అంటే, మా వాననంతా నువ్వు సంచుల్లో కట్టి అమ్ముకుంటాండావా అన్నా?"

లాబ్ కిటికీలోంచి చూస్తున్న నేను నుదురు కొట్టుకున్నాను. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. చిన్నాయన ప్లేటు కింద పెట్టి అన్నాడు:

"సరే. ఫ్యాక్టరీ ఆపేస్తా. ఎన్ని దినాలు ఆపాలో మీరే చెప్పండి."

ఆయన ఇంత తేలికగా ఒప్పుకుంటాడని ఎవరూ అనుకోలేదు. గుసగుసలాడుకున్నారు. "పది దినాలు" అన్నాడు ఎర్రిస్వామి.

"పది దినాల్లో వాన రాకపోతే?"

"మల్ల నీ జోలికి రాము."

"వస్తే?"

"వస్తే మూసేయాల."

"మూసేస్తా" అన్నాడు చిన్నాయన, లారీకి దారి ఇచ్చినంత తేలికగా.

ఆ సాయంత్రం ఇంట్లో ఒకటే గొడవ. మా నాయన బడినుంచి వచ్చీ రాకముందే, "నాయన పెట్టిన బట్టీని ఫ్యాక్టరీ చేసినావు, దాన్ని మోడాల మీద పందెం కాస్తావా?" అని కేకలేశాడు. చిన్నమ్మ అన్నం వడ్డిస్తూ, తను ఇన్నేళ్లుగా చేసిన పూజలన్నీ ఈ పది రోజుల్లోనే ఫలిస్తే ఏం చేయాలని అడిగింది. చిన్నాయన మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. రేడియోలో విన్నాడట, పది రోజుల దాకా ఎక్కడా వాన సూచన లేదని. "ఊరోళ్ల అనుమానం తీరిపోవాల పాపా. లేకుంటే ప్రతి ఏడూ ఇదే పంచాయితీ" అన్నాడు నాతో.

నిబ్బరం అంతటితో ఆగలేదు. ఎలాగూ పని లేదు కదా అని, గోదాము పైకప్పు పాత రేకులు విప్పించి కొత్తవి వేయిద్దామనుకున్నాడు. ఎనిమిదో రోజుకు సగం రేకులు కిందికి దిగాయి. కొత్తవి అనంతపురం నుంచి రావాలి. కింద, ఇంకా సంచులకెత్తని సరుకు మనిషెత్తు కుప్పగా పోసి ఉంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం పడమటి దిక్కు నల్లబడింది.

అలాంటి వానను నేను అంతకుముందు చూడలేదు. తొలి చినుకులు పడగానే చిన్నాయన ఆఫీసు వాకిట్లోకి వచ్చి, ముఖం పైకెత్తి, రెండు చేతులూ చాచాడు. ఆ క్షణంలో ఆయన రైతు. ఒక నిమిషం అలా నవ్వుతూ నిలబడ్డాడు. తర్వాత గోదాము గుర్తొచ్చింది. "పాపా, రేకులు!" అని అరిచి పరుగెత్తాడు.

టార్పాలిన్లు గాలికి ఆగలేదు. కుప్ప మీద వాన పడేకొద్దీ సరుకు వేడెక్కి ఆవిర్లు కక్కుతూ కరగసాగింది. గోదాము గుమ్మంలోంచి ఉప్పునీళ్లు కాలువ కట్టి, పల్లానికి, గోడలో తూము వైపుకు పోతున్నాయి. తూము అవతల ఎర్రిస్వామి చేను.

"చిన్నాయనా, ఈ నీళ్లు చేన్లోకి పోతే ఇంగ అందులో ఏమీ మొలవదు" అన్నాను. చెప్పాల్సిన పని లేదు. ఆయనకు నాకంటే ముందే తెలుసు. అప్పటికే పార పట్టుకున్నాడు.

తూముకు అడ్డంగా మట్టి వేసి, కాలువను తూర్పుకు మళ్లించాడు. తూర్పున ఉన్నది మా చేను. దాని గట్టు తెగ్గొట్టడం మొదలుపెట్టాడు. తవ్వుతుంటే తడిసిన పంచె బరువెక్కి ఊడి కాళ్లకు చుట్టుకుంది. విదిలించి అవతల పారేసి, నీలం చారల డ్రాయరుతోనే తవ్వాడు. పనివాళ్లు ఒక్కొక్కరే పారలతో వచ్చారు. తన గట్టు చూసుకోవడానికి పరుగెత్తుకొచ్చిన ఎర్రిస్వామి ఇదంతా చూసి నిలబడిపోయాడు.

"అన్నా! నీ చేను పోతాది!"

"పోనీప్పా! నా ఉప్పు నా చేన్లోకే పోవాల. నువ్వు చూస్తా నిలబడొద్దు, ఆ పక్క మట్టెయ్!"

ఎర్రిస్వామి మట్టి వేశాడు. ఫ్యాక్టరీ మూయమన్నవాళ్లూ, మూస్తే పని పోయేవాళ్లూ కలిసి గంటసేపు మట్టి వేశారు. వాన వెలిసేసరికి కుప్ప ఉన్నచోట బురద మిగిలింది. ఎర్రిస్వామి చేను నిండా మంచి వాననీళ్లు. మా చేను నిండా ఉప్పునీళ్లు. ఆ తర్వాత చాలా ఏళ్లు అందులో గడ్డి కూడా సరిగా మొలవలేదు.

పందెం ఓడిపోయాడు కదా. వాన వెలిసిన మూడో రోజు పనివాళ్లందరినీ పిలిచి, గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. "మాటిచ్చినాను. మూసేస్తాండా. మీకందరికీ యాడన్నా పని చూపిచ్చేదాకా నేను పండుకోను" అన్నాడు. సున్నపు బట్టీ నాటి ముసలివాళ్లు ఇద్దరు తలపాగాలు తీసి కళ్లు తుడుచుకున్నారు.

అప్పుడు ఎర్రిస్వామి వచ్చాడు. విత్తనం వేసి నేరుగా చేన్లోంచే వచ్చినట్టున్నాడు, మోకాళ్లదాకా మట్టి.

"అన్నా, నా చేన్లో విత్తనం పడె. నీ చేన్లో ఉప్పు పడె. ఇంగ నిన్ను మూయమని యా మొగం పెట్టుకోని అడిగేది? నడుపుకో."

చిన్నాయన లేచి నిలబడ్డాడు. "పందెం పందెమే గదప్పా."

"పందెం కాసింది మేం. మేమే వద్దంటాండాం." ఎర్రిస్వామి మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు. "అయితే ఒకటన్నా. తప్పుగా అనుకోవద్దు. ఏడాదికి ఒక పది దినాలు ఆపు. విత్తనాల కాలంలో. యాటికైనా మంచిది."

చిన్నాయన నా వైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. పక్కున నవ్వేశాడు, అందరూ నవ్వారు.

ఆ ఏడు నుంచి మా కంపెనీలో ఏటా పది రోజుల మెయింటెనెన్స్ షట్‌డౌన్ మొదలైంది. బాయిలరు శుభ్రం చేయడం, పైపులు మార్చడం, రేకులు చూసుకోవడం, అన్నీ అప్పుడే. ఆపే రోజు ఎర్రిస్వామి వచ్చి టెంకాయ కొట్టి, స్విచ్చి తానే ఆపేవాడు. వాన వస్తే ఊరంతా మా చిన్నాయనను మెచ్చుకునేది. రాకపోతే, "ఈసారి బాయిలరు బాగా సల్లారల్యా" అనేవాళ్లు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన, మీ యంత్రాలు ఇంత బాగా ఎలా ఉన్నాయి, ఏ కన్సల్టెంటు చెప్పాడు ఈ పద్ధతి అని అడిగాడు. చిన్నాయన గోడ అవతల కలుపు తీస్తున్న ఎర్రిస్వామిని చూపించాడు. అధికారి పుస్తకంలో ఏం రాసుకున్నాడో తెలియదు.

నా పెళ్లికి కూడా ఆయన "పొడిగా ఉండు తల్లీ" అనే దీవించాడు. అంతటితో సరిపెట్టలేదు. సముద్రం పక్క ఊరికి పోతున్నానని, నా పట్టుచీరల పెట్టెలో ఎవరికీ చెప్పకుండా గుడ్డసంచిలో రెండు కిలోల సరుకు పెట్టించాడు. మచిలీపట్నం గాలికి అది మూడు వారాల్లో తాగగలిగినంత తాగి, సంచిలోంచి కారి, రెండు చీరలను నానబెట్టేసింది. ఆ చీరలు ఎంత ఎండలో వేసినా ఆరవు. ఎలా ఆరతాయి, గాలిలోని తడంతా అవే లాక్కుంటుంటే. అత్తగారు వాటిని రోజూ దండెం మీద వేసి, రోజూ తడిగానే తీసేది. నేను ఫోన్ చేసి చెడామడా తిట్టాను. అంతా విని ఆయన అడిగిన మొదటి మాట: "ఎన్ని దినాలకు నిండింది పాపా?"

"మూడు వారాలు."

"మూడే వారాలా!" అన్నాడు సంబరంగా. ఆ తర్వాత, "మంచినీళ్లలో రెండుసార్లు జాడిచ్చు, ఆరిపోతాది" అన్నాడు. నిజంగానే ఆరాయి. కొన్నేళ్ల తర్వాత తెలిసింది, కొత్త కొనుగోలుదారులందరికీ నా చీరల కథే చెప్పి సరుకు అమ్ముతున్నాడని.

ఆయన పోయాడని తెలిసి నేను ఊరు చేరేసరికి బాయిలరు ఆపేసి ఉంది. చిమ్నీ పైన ఏమీ లేని ఆకాశం. ఎర్రిస్వామి ఇప్పుడు బాగా ముసలివాడు, కర్ర పట్టుకుని గేటు దగ్గరే కూర్చుని ఉన్నాడు. తమ్ముడు ఆయనను అడిగాడు: "పెద్దాయనా, ఎన్ని దినాలు ఆపమంటావు?" ముసలాయన కళ్లెత్తి చూశాడు. "దినాల లెక్క వానకప్పా. మీ నాయనకు కాదు. రేపే ముట్టించు. పొగ లేకుంటే ఆయప్పకు తోచదు." మా ఫ్యాక్టరీ పొగ గురించి ఆ మనిషి నోట మంచి మాట రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. వినవలసినవాడు వినలేదు.

తేమంటే భయంతో చిన్నాయన మా ఇంటికి ఏనాడూ రాలేదు. నిరుడు మాత్రం, ఏమనిపించిందో, ఒక్కడే బస్సెక్కి వచ్చాడు. ఇంట్లో గోడలు తడిమి చూసి, "ఇంత చెమ్మలో ఎట్ల బతుకుతాండారమ్మా" అని జాలిపడ్డాడు. సాయంత్రం సముద్రానికి తీసుకెళ్లాం. చెప్పులు విప్పి, పంచె కొంచెం పైకి కట్టుకుని, తడి ఇసుక దాకా నడిచి ఆగాడు. చాలాసేపు చూశాడు.

"ఇన్ని నీళ్లు పెట్టుకోని, మా పక్కకు రెండు మోడాలు తోలేదానికి ఏం పుట్టింది పాపా వీళ్లకు?"

మేం నవ్వుతుండగానే ఒక అల వచ్చి ఆయన పాదాలను ముంచింది. గెంతి వెనక్కి వస్తాడనుకున్నాను. రాలేదు. ఇంకో అల వచ్చింది, పంచె అంచు తడిసింది. "చిన్నాయనా, తడుస్తాండావు" అని పిలిచాను. ఆయన వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి, ఉండమన్నట్టు ఊపాడు. పొద్దు వాలుతోంది. పంచె మోకాళ్ల దాకా నానిపోయి కాళ్లకు అంటుకుంది. చెయ్యి దించలేదు.